గల్లాపెట్టె ఎవరి పేరున ఉంది?

సాయంత్రం ఆరు దాటాక ఏ కర్రీ పాయింట్ ముందైనా ఓ పది నిమిషాలు నిలబడి చూడండి. పప్పు ఒకటి, గుత్తివంకాయ ఒకటి, సాంబారు ఒకటి... ప్యాకెట్లు చేతులు మారుతుంటాయి. డబ్బు మాత్రం ఎవరి చేతి నుంచీ ఎవరి చేతికీ వెళ్లదు. గోడకు అంటించిన నలుపు తెలుపు గళ్ల బొమ్మకు ఫోను చూపిస్తారు. పక్కనున్న చిన్న డబ్బా ‘నూట ఇరవై రూపాయలు అందాయి’ అని కేకేస్తుంది. పొయ్యి దగ్గరున్నావిడ ఆ కేక విని, చేతిలో గరిటె వదలకుండానే తలూపుతుంది. ‘చిల్లర లేదండీ, చాక్లెట్ తీసుకోండి’ అనే మాట విని ఎన్నాళ్లయిందో!

2016 ఏప్రిల్‌లో యూపీఐ పుట్టినప్పుడు దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువే. అదే ఏడాది నవంబరు 8 రాత్రి పెద్ద నోట్లు రద్దయ్యాక, ఏటీఎంల ముందు నిలబడి నిలబడి కాళ్లు నొప్పులు పుట్టాక జనం అటు చూడడం మొదలుపెట్టారు. కరోనా వచ్చి నోటు ముట్టుకోవాలంటేనే భయపడ్డ రోజుల్లో అది ఇంకాస్త నాటుకుంది. 2020 జనవరి 1 నుంచి యూపీఐ చెల్లింపుల మీద వ్యాపారి దగ్గర రుసుము తీసుకోకూడదన్న నిబంధన వచ్చాక పూలమ్మే బుట్ట మీదికి కూడా ఆ గళ్ల బొమ్మ చేరింది. 2023 ఆగస్టులో మొదటిసారి ఒక్క నెలలో వెయ్యి కోట్ల లావాదేవీలు దాటాయి. సరిగ్గా రెండేళ్లకు, 2025 ఆగస్టులో, ఆ లెక్క రెండు వేల కోట్లయింది.

అంతా బాగానే ఉంది. అయితే ఆ డబ్బా ‘అందాయి’ అంటోందే, ఎవరికి అందాయి? అసలు విషయం ఇక్కడుంది. చిన్న వ్యాపారాలు కొత్త కాలానికి ఎలా మారాలి అని ఎవరిని అడిగినా యాప్‌ల పేర్లు చెబుతారు, ఇన్‌స్టాగ్రామ్‌లో ఫొటోలు పెట్టమంటారు. అవన్నీ తరవాతి సంగతి. ఆ గళ్ల బొమ్మ ఎవరి ఫోను నంబరుకి, ఎవరి బ్యాంకు ఖాతాకి ముడిపడి ఉందన్నది ముందు చూసుకోవలసిన సంగతి.

పోపుల డబ్బాలోంచి ఫోన్లోకి

మన అమ్మల కాలంలో జాకెట్లు కుట్టినా, ఇంట్లో గేదెను పెట్టుకుని పాలు పోసినా, వచ్చిన డబ్బు పోపుల డబ్బాలోనో బియ్యం డ్రమ్ములోనో చేరేది. పెద్ద మొత్తమేమీ కాదు. కానీ అది ఆవిడ చేతిలో ఉండేది. పిల్లాడి ఫీజుకి, పుట్టింటికి వెళ్లే బస్సు ఛార్జీకి, చిట్టీ పాటకి ఎవర్నీ అడగక్కర్లేదు. ఆ డబ్బు ఎంతుందో ఇంట్లో మిగతావాళ్లకు తెలియకపోవడమే దాని బలం.

ఇప్పుడు చూడండి. దుకాణంలో పగలంతా కూర్చునేది ఆవిడ. క్యూఆర్ పెట్టించింది మాత్రం ఆయనో, ఇంజనీరింగ్ చదివే కొడుకో. ‘నీకెందుకమ్మా ఈ గోల, నా నంబరు ఇచ్చేశాలే’ అంటాడు కొడుకు, ప్రేమగానే. ఆ రోజు నుంచి జాకెట్టుకి మూడు వందలూ, మగ్గం వర్కుకి రెండు వేలూ కొడుకు ఖాతాలోకి వెళ్తాయి. కుట్టింది అమ్మ, లెక్క కొడుకుది. దారం రీళ్లూ, లైనింగు గుడ్డా కొనాలంటే అమ్మ వాడిని అడగాలి. నోట్ల కాలంలో అడగక్కర్లేని మనిషి ఇప్పుడు అడుగుతోంది. దీన్ని మనం ప్రగతి అంటున్నాం!

ఇదేదో ఒకటి రెండు ఇళ్ల సంగతి కాదని చెప్పడానికి లెక్కలున్నాయి. 2019-21 మధ్య జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆడవాళ్లను రెండు ప్రశ్నలు అడిగారు. మీరే వాడుకునే బ్యాంకు ఖాతా ఉందా? మీరే వాడుకునే సెల్‌ఫోను ఉందా? ఖాతా ఉందని రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ నూటికి ఎనభై మందికి పైగా చెప్పారు. ఫోను ఉందన్నవాళ్లు తెలంగాణలో అరవై మంది, ఆంధ్రప్రదేశ్‌లో సగం మందికి కూడా తక్కువ. ఇంటర్నెట్ ఎప్పుడైనా వాడారా అంటే ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 21 మంది ఆడవాళ్లే అవునన్నారు. మగవాళ్లలో దాదాపు 49 మంది. ఆ తరవాత ఫోన్లు చాలానే పెరిగాయి, నిజమే. కానీ ఆ ఖాతాలు ఎక్కణ్ణుంచి వచ్చాయో గుర్తు చేసుకోండి. డ్వాక్రా సంఘాల్లో రూపాయి రూపాయి పొదుపు చేసి, బ్యాంకు మెట్లెక్కి, సొంత పేరున పాస్‌బుక్ తెచ్చుకున్న తరం మన ముందుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డాక ఆ జిల్లాలో పొదుపు ఉద్యమం ఎలా ఊపందుకుందో అప్పటి పత్రికలు చదివినవాళ్లకు తెలుసు. పాస్‌బుక్ మీద పేరు సంపాదించడానికి అంత శ్రమపడి, గోడ మీది గళ్ల బొమ్మ దగ్గరకొచ్చేసరికి దాన్ని వదిలేసుకోవడం ఏం న్యాయం?

మీ ఆయన్నో అబ్బాయినో అనుమానించమని కాదు ఈ చెప్పడం. వ్యాపారం మీదైతే లెక్క మీ పేరున ఉండాలి, అంతే. దానికి పెద్ద తతంగమేమీ లేదు. మీ పేరున ఒక బ్యాంకు ఖాతా, దానికి జతచేసిన మీ సెల్ నంబరు ఉంటే చాలు. ఏటీఎం కార్డు లేకపోయినా ఆధార్ ద్వారా పిన్ పెట్టుకునే వీలు చాలా బ్యాంకుల్లో ఉంది. మామూలు బటన్ ఫోనే ఉన్నవాళ్ల కోసం 2022 మార్చిలో 123పే అనే పద్ధతి తెచ్చారు, ఇంటర్నెట్ లేకుండానే పని జరుగుతుంది. పిన్ మాత్రం ఎవరికీ చెప్పొద్దు. ‘ఎవరికీ’ అంటే ఇంట్లోవాళ్లు కూడా వస్తారు, ఏం చేస్తాం!

నోటీసులు వచ్చిన జూలై

2025 జూలైలో బెంగుళూరు వీధుల్లో ఓ వింత కనిపించింది. ఫోను చెల్లింపులకు బాగా అలవాటుపడ్డ ఆ ఊళ్లో బేకరీల ముందు, టీ కొట్ల ముందు ‘యూపీఐ లేదు, నగదు మాత్రమే’ అని అట్ట ముక్కలు వేలాడాయి. కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ 2021-22 నుంచి నాలుగేళ్ల యూపీఐ లెక్కలు తెప్పించుకుని, పరిమితి దాటినా జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేదంటూ వేల మంది చిన్న వ్యాపారులకు నోటీసులు పంపింది. హావేరిలో ఒక కూరగాయల వ్యాపారికి 29 లక్షల రూపాయలు కట్టమని వచ్చింది. తాజా కూరగాయల మీద అసలు పన్నే లేదు కదా! గొడవ ముదిరాక ముఖ్యమంత్రి సిద్ధరామయ్య జోక్యం చేసుకుని, రిజిస్ట్రేషన్ చేయించుకుంటే పాత బకాయిల జోలికి వెళ్లబోమని ప్రకటించాల్సి వచ్చింది.

పక్క రాష్ట్రం సంగతి మనకెందుకు అనుకోవద్దు. నోటీసులందుకున్నవాళ్లు చెప్పుకున్న గోడు వింటే మన ఇళ్లే గుర్తొస్తాయి. చెల్లెలికి అప్పిచ్చిన యాభై వేలు తిరిగి అదే నంబరుకి వచ్చాయి. చిట్టీ పాడిన డబ్బు అదే నంబరుకి వచ్చింది. తోడికోడలు పిల్లాడి ఫీజు కట్టమని పంపింది. అన్నీ అమ్మకాల కింద లెక్కపడ్డాయి. డబ్బు చూసే యంత్రానికి అది ఇడ్లీ డబ్బో చిట్టీ డబ్బో ఎలా తెలుస్తుంది? అందుకే వ్యాపారానికి ఒక ఖాతా, ఇంటికి ఒక ఖాతా విడివిడిగా పెట్టుకోండి. మరేమీ చేయలేకపోయినా ఈ ఒక్క పనీ ఈ వారంలో చేయండి.

యూపీఐ మీద పన్ను వేస్తారట అని అప్పుడప్పుడూ పుకార్లు లేస్తుంటాయి. రెండు వేలు దాటిన చెల్లింపుల మీద జీఎస్టీ అన్న మాట అబద్ధమని 2025 ఏప్రిల్‌లో కేంద్రమే స్పష్టం చేసింది. పన్ను చెల్లించే పద్ధతి మీద కాదు, అమ్మకం మీద. నగదు తీసుకున్నా అమ్మకం అమ్మకమే. తేడా ఏమిటంటే, నగదు కనిపించదు, ఫోను డబ్బు కనిపిస్తుంది.

మరి ఎంత అమ్మితే రిజిస్ట్రేషన్ అవసరం? ఇక్కడే మన రెండు రాష్ట్రాలకూ ఒక తిరకాసు ఉంది. 2019 ఏప్రిల్ నుంచి, వస్తువులు మాత్రమే అమ్మేవాళ్లకు ఏడాది అమ్మకాల పరిమితిని 20 లక్షల నుంచి 40 లక్షలకు పెంచే వీలు రాష్ట్రాలకు ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్ 40 లక్షలకు వెళ్లింది. తెలంగాణ 20 లక్షల దగ్గరే ఉండిపోయింది. అంటే జగ్గయ్యపేటలో పచ్చళ్లు పెట్టి అక్కడే అమ్ముకునే ఆవిడకి 40 లక్షల వరకూ గొడవ లేదు. కోదాడలో అదే ఆవకాయ అమ్మేవిడకి 20 లక్షలకే గీత. రెండు ఊళ్ల మధ్య బస్సులో గంట కూడా పట్టదు. టైలరింగు, బ్యూటీ పార్లర్, టిఫిన్ సెంటరు, కర్రీ పాయింటు ఇవన్నీ సేవల లెక్కలోకి వస్తాయి కాబట్టి ఇరు రాష్ట్రాల్లోనూ 20 లక్షలే.

ఇరవై లక్షలంటే మనకెక్కడ వస్తాయి అనుకుంటాం. 365 పెట్టి భాగించండి, రోజుకి దాదాపు 5,480 రూపాయలు. ఇది లాభం కాదండీ, అమ్మకం. కూర ప్యాకెట్టు నలభై రూపాయలనుకుంటే రోజుకి 137 ప్యాకెట్లు. కాలనీ మధ్యలో బాగా నడిచే కర్రీ పాయింటుకి ఇది పెద్ద లెక్క కాదు. కూరగాయలు, నూనె, గ్యాసు, పనిమనిషి జీతం, అద్దె పోగా ఆవిడకి మిగిలేది ఏ పాతిక వేలో కావచ్చు. అయినా గీత దాటినట్టే.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. పన్ను పడే వస్తువును రాష్ట్రం దాటించి అమ్మితే 20, 40 లక్షల గీతలతో సంబంధం లేదు. మొదటి పార్సిల్ నుంచే రిజిస్ట్రేషన్ ఉండాలి. హస్తకళా వస్తువులు కొన్నింటికి మినహాయింపు ఉంది గానీ పచ్చళ్లకూ పిండివంటలకూ లేదు. రాజమండ్రిలో సున్నుండలు చేసి హైదరాబాద్‌లో అడిగినవాళ్లకి కొరియర్లో వేసేవిడ తానేదో అంతర్రాష్ట్ర వాణిజ్యం చేస్తున్నానని కలలో కూడా అనుకోదు. 2014 జూన్ 2 ముందు అది ఒకే రాష్ట్రం, అలవాటు అప్పటిదే. చట్టానికి ఆ అలవాట్లు తెలియవు.

రిజిస్ట్రేషన్ అంటే భయపడాల్సినంత లేదన్నది కూడా చెప్పాలి. ఏడాదికి కోటిన్నర లోపు అమ్మకాలున్నవాళ్లకి కాంపొజిషన్ పద్ధతి ఉంది. సరుకు తయారుచేసి అమ్మేవాళ్లు అమ్మకం మీద ఒక శాతం, హోటళ్లవాళ్లు అయిదు శాతం కడితే సరి, బిల్లు బిల్లుకీ లెక్క రాయక్కర్లేదు. అయితే రాష్ట్రం బయటికి అమ్మకూడదు. వేసిన పన్ను కొన్నవాళ్ల దగ్గర విడిగా వసూలు చేయకూడదు. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ రేట్లు తగ్గించినప్పుడు నమ్‌కీన్‌ల లాంటి చిరుతిళ్లు చాలావరకు 12 నుంచి 5 శాతానికి వచ్చాయి. అదే ఏడాది నవంబరు 1 నుంచి చిన్న వ్యాపారులకు మూడు పనిరోజుల్లో రిజిస్ట్రేషన్ ఇచ్చే పద్ధతి తెచ్చారు. పచ్చళ్లు, తినుబండారాలు అమ్మేవాళ్లకైతే జీఎస్టీ సంగతి ఎలా ఉన్నా ఆహార భద్రత సంస్థ ఇచ్చే 14 అంకెల నంబరు తప్పనిసరి.

నా మట్టుకు నాకు అట్ట ముక్క వేలాడదీసినవాళ్ల మీద కోపం రాలేదు. ప్రభుత్వాలు ఇంటింటికీ తిరిగి ‘ఫోనుతో కట్టండి, ఫోనుతో తీసుకోండి’ అని ఊదరగొట్టాయి. ఆ ఊదరలో ఒక్క ముక్క, ‘అమ్మా, ఇంత దాటితే వచ్చి పేరు నమోదు చేసుకో’ అని తెలుగులోనో కన్నడంలోనో చెప్పి ఉంటే సరిపోయేది. నాలుగేళ్లు ఊరుకుని ఒక్కసారిగా నోటీసు పంపడం ఏం పద్ధతి? తెలుగు రాష్ట్రాల అధికారులైనా ఆ పని ముందు చేస్తే బాగుంటుంది.

కనిపించే డబ్బుకి ఓ లాభం

మరి అంత తంటా ఉంటే మళ్లీ నగదుకే పోదామా? ఆ మాటా తేలిగ్గా అనలేం. ఎందుకంటే నగదుతో నడిచిన వ్యాపారానికి బ్యాంకు దృష్టిలో ఉనికి లేదు. పదిహేనేళ్లుగా టిఫిన్ సెంటరు నడిపిన మనిషి లక్ష రూపాయల అప్పుకి వెళ్తే ‘మీ ఆదాయానికి ఆధారం ఏదమ్మా?’ అన్న ప్రశ్న ఎదురవుతుంది. ఆధారం లేక ఆవిడ వెళ్లేది ఎక్కడికి? తెలంగాణలో గిరిగిరి దగ్గరికి, కృష్ణా జిల్లాల్లో కాల్‌మనీ దగ్గరికి. ఉదయం తొమ్మిది వేలిచ్చి వంద రోజులపాటు రోజూ వంద వసూలు చేసే లెక్కలు మనకి కొత్తేం కాదు. 2015 డిసెంబరులో విజయవాడలో కాల్‌మనీ వ్యవహారం బయటపడినప్పుడు అప్పు తీర్చలేని ఆడవాళ్లను ఆ మనుషులు ఎంత నీచంగా వేధించారో రాష్ట్రమంతా విన్నది.

రోజూ ఖాతాలో పడే ఆ నూట ఇరవైలూ అరవైలూ ఏడాదికి ఒక చరిత్ర అవుతాయి. ముద్ర రుణాల్లో మొదటి మెట్టు ‘శిశు’ 50 వేల వరకు ఇస్తుంది, తాకట్టు అక్కర్లేదు. తరవాతి మెట్టు 5 లక్షలు, ఆపైది 10 లక్షలు. వీధి వ్యాపారులకు 2020 జూన్‌లో మొదలైన స్వనిధి పథకాన్ని 2025 ఆగస్టులో మార్చి, మొదటి విడత 15 వేలు, రెండోది 25 వేలు, మూడోది 50 వేలు చేశారు. 2030 మార్చి దాకా పొడిగించారు. ఫోను ద్వారా డబ్బు తీసుకునేవాళ్లకి ఇందులో క్యాష్‌బ్యాక్ కూడా ఉంది. ఆదాయపు పన్నులోనూ చిన్న వెసులుబాటు ఉంది. చిన్న వ్యాపారులు లెక్కల పుస్తకాలు లేకుండా అమ్మకాల మీద ఒక అంచనా లాభం చూపించే పద్ధతిలో నగదు అమ్మకాలకి 8 శాతం, బ్యాంకు ద్వారా వచ్చినవాటికి 6 శాతం చూపిస్తే చాలు.

ఇవన్నీ పొందాలంటే ఉద్యమ్ నమోదు చేయించుకోండి. 2020 జూలై 1 నుంచి అమల్లో ఉంది. ఆధార్, పాన్ ఉండాలి, పైసా ఖర్చు లేదు. ప్రభుత్వ సైటులా కనిపించే నకిలీ సైట్లు రెండు వేలూ మూడు వేలూ లాగుతున్నాయి, జాగ్రత్త. మళ్లీ అదే మాట, నమోదు ఎవరి పేరున చేయిస్తున్నారో చూసుకోండి. పేరు ఆయనది, పని ఆవిడది అయితే మహిళల పథకాలేవీ ఆవిడ దాకా రావు.

ఫోన్లో అప్పిచ్చే యాప్‌ల సంగతి వేరు. అయిదు నిమిషాల్లో అయిదు వేలంటారు, వారానికి తీర్చమంటారు, తీర్చకపోతే ఫోన్లో ఉన్న నంబర్లన్నిటికీ బూతులు పంపుతారు, ఫొటోలు మార్చి పెడతారు. తెలంగాణలో ఆత్మహత్యలు జరిగాక 2020 డిసెంబరులో హైదరాబాద్ పోలీసులు వరసగా అరెస్టులు చేశారు. 2025 జూలై నుంచి రిజర్వు బ్యాంకు తన వెబ్‌సైటులో, నియంత్రణలో ఉన్న సంస్థల తరఫున అప్పులిచ్చే యాప్‌ల జాబితా పెట్టింది. అందులో లేనిదాని జోలికి పోవద్దు. గిరిగిరి మనిషికి కనీసం మన వీధి మొహమాటం ఉండేది, దీనికి అదీ లేదు.

అద్దె గోడ మీద బోర్డు

అమ్మకాల సంగతికొద్దాం. 2018 జనవరిలో మన దేశంలోకి వచ్చిన వాట్సాప్ బిజినెస్ చిన్న వ్యాపారులకు నిజంగా పనికొచ్చే సరుకు. ఉచితం. చీరల ఫొటోలు, ధరలు వరసగా పెట్టుకోవచ్చు. నిద్రపోయే వేళకి ‘రేపు పొద్దున జవాబిస్తాం’ అని తనంతట తానే చెప్పేలా పెట్టుకోవచ్చు. అర్ధరాత్రి ‘లంగావోణీ ఎప్పుడవుతుంది ఆంటీ’ అనే పెళ్లికూతుళ్ల బాధ అనుభవించినవాళ్లకి దాని విలువ తెలుస్తుంది.

కానీ ఈ యాప్‌లన్నీ అద్దె గోడలు. బోర్డు మీది, గోడ వాళ్లది. 2020 జూన్ 29న టిక్‌టాక్‌ను నిషేధించినప్పుడు లక్షల మంది చూసే తెలుగు ఖాతాలు రాత్రికి రాత్రి మాయమయ్యాయి. 2024 జనవరి 31న పేటీఎం పేమెంట్స్ బ్యాంకు మీద రిజర్వు బ్యాంకు ఆంక్షలు పెట్టినప్పుడు, ఆ బ్యాంకులో డబ్బు పడేలా పెట్టుకున్న దుకాణదారులు వేరే బ్యాంకుకు మార్చుకునేందుకు పరుగులు తీశారు. మీషో కంపెనీ మొదట్లో పెరిగింది గృహిణుల వల్లనే. సరుకు ఫొటో చుట్టాల గ్రూపులో పెట్టి, పైన తమ లాభం వేసుకుని అమ్మేవాళ్లు. తరవాత కంపెనీ కొనేవాళ్ల దగ్గరికే నేరుగా వెళ్లే యాప్‌గా మారింది. మధ్యలో ఉన్న వదినగారి అవసరం తగ్గిపోయింది. కంపెనీ చేసింది తప్పని అనలేం, వ్యాపారం దానిది. అందుకే కొన్నవాళ్ల పేరు, నంబరు, ఏ సైజు, ఏ రుచి, కారం ఎంత అన్నది ఓ నోటు పుస్తకంలో రాసుకునే పాత అలవాటు మానొద్దు. ఏ యాప్ పోయినా ఆ పుస్తకం మీ దగ్గరుంటుంది.

భోజనం ఇంటికి చేర్చే యాప్‌లలో చేరేవాళ్లు ముందు కాగితం మీద లెక్క వేసుకోండి. వంద రూపాయల భోజనంలో కమిషను ఎంత, వాళ్లు ఇమ్మన్న డిస్కౌంటులో మీ వాటా ఎంత, డబ్బా ఖర్చెంత? చివరికి చేతికి అరవై వస్తే, వండడానికి అయిన ఖర్చు అరవై అయిదైతే, ఎక్కువ ఆర్డర్లు రావడం అంటే ఎక్కువ నష్టం రావడమే. కొత్తవాళ్లకి పేరు తెలియడానికి ఆరు నెలలు వాడుకుని, ప్రతి డబ్బాలో తమ నంబరున్న చీటీ పెట్టే తెలివైనవాళ్లు ఉన్నారు. యాప్‌ల ద్వారా సొంత రాష్ట్రంలోనే సరుకు అమ్ముకునే చిన్నవాళ్లకు 2023 అక్టోబరు 1 నుంచి పూర్తి జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేకుండా ఒక నమోదు నంబరుతో సరిపెట్టుకునే వీలిచ్చారు.

నేత చీరల వాళ్ల కష్టం ఇంకో రకం. పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు వచ్చి ఇరవై ఏళ్లయింది. అయినా ఫోను తెర మీద చేనేత చీరా, మిల్లులో అచ్చుగుద్దిన చీరా ఒక్కలాగే మెరుస్తాయి. ఒకటి ఎనిమిది వేలు, ఇంకోటి ఎనిమిది వందలు. ఫొటో చూసేవాళ్లు ఎనిమిది వందలదే నొక్కుతారు. అసలు ఇక్కత్‌లో నూలుకే ముందు రంగులద్దుతారు కాబట్టి చీర తిరగేసినా బొమ్మ దాదాపు అంతే స్పష్టంగా ఉంటుంది. అచ్చుగుద్దినదాని వెనకవైపు వెలిసినట్టుంటుంది. చీర తిరగేసి చూపించే అరనిమిషం వీడియో, మగ్గం మీద ఉన్నప్పటి ఫొటో, చేనేత గుర్తు, ఇవి పెట్టి ‘ఎందుకింత ధర’ అని చెప్పేవాళ్లు నిలబడగలుగుతున్నారు.

అమెరికా పార్సిళ్ల మీద బతికే పచ్చళ్ల వాళ్లకి 2025 వేసవి తరవాత పెద్ద దెబ్బే తగిలింది. 800 డాలర్ల లోపు పార్సిళ్లకు ఉన్న సుంకం మినహాయింపును అమెరికా ఆగస్టు 29 నుంచి ఎత్తేసింది. మన తపాలా శాఖ ఆగస్టు 25 నుంచి అక్కడికి చాలావరకు పార్సిళ్లు తీసుకోవడం ఆపి, అక్టోబరు 15న మళ్లీ మొదలుపెట్టింది. దసరాకి పిండివంటలు పంపాల్సిన రోజులవి. ఒక్క దేశం మీదే ఆధారపడితే ఏమవుతుందో తెలిసొచ్చింది.

వ్యాపారం ఇల్లు దాటి పెరగాలనుకునే అమ్మాయిలకు హైదరాబాద్‌లో వీ హబ్ ఉంది. 2018 మార్చి 8న తెలంగాణ ప్రభుత్వం మహిళల కోసమే పెట్టింది. స్టార్టప్ అనగానే ఇంగ్లీషు వచ్చిన ఇంజనీర్లకే అనుకుని వెనక్కి తగ్గొద్దు.

స్టిక్కరు మీద స్టిక్కరు

మోసగాళ్లు కూడా కాలంతో మారారు. 2025 జనవరిలో మధ్యప్రదేశ్‌లోని ఖజురహోలో రాత్రిపూట దుకాణాల క్యూఆర్‌ల మీద ఎవరో తమ క్యూఆర్‌లు అంటించిపోయారు. మర్నాడు అమ్మకాల డబ్బంతా వాళ్ల ఖాతాకే. షట్టరు ఎత్తగానే మీ బొమ్మను మీరే ఒకసారి స్కాన్ చేసి పేరు చూసుకోండి. తెర మీద ‘పేమెంట్ అయిపోయింది ఆంటీ’ అని చూపించి వెళ్లే కుర్రాళ్లలో నకిలీ యాప్‌ల వాళ్లూ ఉంటారు. డబ్బా పలకనిదే ప్యాకెట్టు ఇవ్వొద్దు, మొహమాటపడొద్దు.

‘మిలిటరీ క్యాంపు నుంచి మాట్లాడుతున్నా, రెండు వందల భోజనాలు కావాలి, అడ్వాన్సు పంపుతా, ఈ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి’ అని హిందీలో వచ్చే ఫోను ఇంకోటి. పెద్ద ఆర్డరు ఆనందంలో చేయి పిన్ మీదకు పోతుంది. డబ్బు అందుకోవడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు, పంపడానికే కావాలి. మనుషులు ఒకరినొకరు యూపీఐలో డబ్బు అడిగే ‘రిక్వెస్ట్’ పద్ధతిని ఇలాంటి మోసాల వల్లనే 2025 అక్టోబరు 1 నుంచి తీసేశారు. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఎంత తొందరగా చేస్తే అంత మంచిది, డబ్బు ఇంకో ఖాతాకు దాటకముందే ఆపే వీలుంటుంది.

ఒక్కోసారి తప్పు మనది కాకపోయినా ఖాతా ఆగిపోతుంది. ఎక్కడో మోసం చేసినవాడు ఆ డబ్బుతో మీ దగ్గర చీర కొంటే, పోలీసు ఫిర్యాదు వెంట వస్తూ మీ ఖాతా దాకా వస్తుంది, బ్యాంకు స్తంభింపజేస్తుంది. అప్పుడు పనికొచ్చేది బిల్లు పుస్తకమే. ఆ రోజు ఏ సరుకు, ఎవరికి, ఎంతకి అమ్మారో చూపించాలి. ఆ బిల్లులతో బ్యాంకుకి రాతపూర్వకంగా అర్జీ ఇవ్వాలి. ఖాతా ఎవరి పేరున ఉందో వాళ్లే వెళ్లి సంతకం పెట్టాలి.